హంసపాదు

శనివారం పొద్దున పెనం మీద పాన్‌కేకు మాడుతున్నా కొరీన్ పట్టించుకోలేదు. బల్ల చుట్టూ కూర్చున్న ముగ్గురు పిల్లలూ మర్నాటి గుమ్మడితోట ప్రయాణం గురించి పెద్ద సభే నడుపుతున్నారు. ఎవరు ఏ బూట్లు వేసుకోవాలి, వేడి ఆపిల్ రసం ఫ్లాస్కు ఎవరి ఒళ్ళో ఉండాలి, కాయలు మోసే చిన్న బండి ఎవరు లాగాలి అన్నవి ఆ సభలో ఇంకా తేలని విషయాలు.

"బండి నేను లాగుతా. పెద్దవాణ్ణి నేనే కదా," అన్నాడు పదకొండేళ్ళ గ్రేడీ.

"పోయినేడు నువ్వు లాగితేనే కదా నా కాయ దొర్లిపోయి తొడిమ విరిగింది!" అని విరుచుకుపడింది ఎనిమిదేళ్ళ జోసీ.

"నువ్వు తొడిమ పట్టుకుని ఎత్తావు, అందుకు విరిగింది. బిడ్డని ఎత్తుకున్నట్టు కింద చేతులు పెట్టి ఎత్తమని నానమ్మ ఎన్నిసార్లు చెప్పింది నీకు?"

ఆరేళ్ళ మేవ్ ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తోంది. గ్రేడీ, జోసీ వేడ్ పిల్లలు. మేవ్ కొరీన్ కూతురు. ఆగస్టు చివర్లో వేడ్, కొరీన్ కోర్టులో సంతకాలు పెట్టి పెళ్ళి చేసుకున్నాక ఈ అయిదుగురూ ఒక ఇంట్లో చేరారు. ఎవరి దుప్పటి ఏదో, ఎవరి కప్పు ఏదో ఇప్పుడిప్పుడే కుదురుకుంటోంది.

"మరి నా పేరు ఏ కాయ మీద ఉంటుంది?" అని అడిగింది మేవ్.

సభ ఆగిపోయింది. గ్రేడీ పాన్‌కేకు వంక చూశాడు. జోసీ కొరీన్ వంక చూసింది. అప్పుడు మాడు వాసన తగిలి కొరీన్ గబుక్కున పొయ్యి కట్టేసింది.

ఆ పేర్ల సంగతి మా ఊళ్ళో అందరికీ తెలిసిందే. వేడ్ తల్లి వెర్నా స్టకీకి ఊరి చివర ఇంటి వెనక అరెకరం గుమ్మడితోట ఉంది. జూలై ఆఖర్లో, కాయలింకా పచ్చగా, లేతగా ఉన్నప్పుడు, ఆవిడ మోకాళ్ళ మీద కూర్చుని ఒక్కో కాయ మీద తమ ఇంటి పిల్లల్లో ఒక్కొక్కరి పేరు మేకుతో గీస్తుంది. ఆ గీత మాని మచ్చ కడుతుంది. కాయతోపాటు పేరూ పెరుగుతుంది. అక్టోబరులో పిల్లలు తీగల మధ్య పడి ఎవరి పేరు వాళ్ళు వెతుక్కుంటారు. చిన్నప్పుడు వేడ్ కూడా అలాగే వెతుక్కున్నాడు.

వెర్నా గురించి ఇంకొకటి కూడా చెప్పాలి. ఆవిడ మూడో తరగతి టీచరుగా పనిచేసి రిటైరైంది. బడిలో పిల్లలకి తప్పులు దిద్దడం అయిపోయాక ఊరివాళ్ళకి దిద్దడం మొదలుపెట్టింది. చర్చిలో పంచే కాగితాన్ని కూడా ఎర్ర సిరాతో దిద్ది పాస్టరు చేతిలో పెట్టి మరీ ఇంటికెళ్తుంది. జోసీ తన పుట్టినరోజు కానుకకి థాంక్స్ చెబుతూ నానమ్మకి రాసిన కార్డు ఇప్పుడు వీళ్ళ ఫ్రిజ్ మీదే ఉంది. దిద్ది తిప్పి పంపింది మరి. జారిపోయిన అక్షరం దగ్గర కింద ఎర్రగా హంసపాదు, దాని మీద ఆ అక్షరం, అడుగున "ముద్దులతో, నానమ్మ" అని ఉంటుంది. మేవ్‌కి ఆ చిన్న గొడుగులాంటి గుర్తంటే ఇష్టం. పాలు తీసినప్పుడల్లా దాన్ని వేలితో తడిమి చూస్తుంది.

కొరీన్ ఫోను తీసుకుని వరండాలోకి వెళ్ళింది.

"వెర్నా గారూ, ఒక్క మాట అడగాలి. రేపు పిల్లల్ని తీసుకుని వస్తున్నాం కదా. మేవ్ పేరుతో ఏదైనా కాయ ఉందేమోనని..."



"లేదమ్మాయ్," అంది వెర్నా. "అంటే, చూపించేలాంటిది లేదు."

కొరీన్‌కి మొదటి మాట ఒక్కటే వినిపించింది. సరేనండీ అని పెట్టేసింది. లోపలికొచ్చి, గొంతులో లేని హుషారు తెచ్చుకుని, "ఈసారి నది అవతల పెద్ద తోటకి వెళ్దాం. గడ్డిబండి ఎక్కొచ్చు, మొక్కజొన్న చేలో దారి వెతుక్కునే ఆట ఆడొచ్చు, మేకలు కూడా ఉన్నాయట," అని ప్రకటించింది.

"అక్కడ కాయల మీద పేర్లుండవు, ధరలుంటాయి," అన్నాడు గ్రేడీ.

జోసీ ఏడుపు లంకించుకుంది. ఆ గొడవకి గరాజులోంచి వేడ్ వచ్చాడు. విషయం విని పిల్లల్ని పెరట్లోకి తరిమి, కొరీన్ ఎదురుగా కూర్చున్నాడు.

"జూలైలో మనకింకా పెళ్ళే కాలేదు కదా కొరీన్. అప్పటికి మా అమ్మకేం తెలుసని గీస్తుంది?"

"నేను తప్పు పట్టట్లేదు. ఆవిడకి తెలీదు, ఒప్పుకుంటాను. కానీ ఆ పిల్ల తోటంతా తన పేరు కోసం వెతుకుతుంటే నేను చూస్తూ నిలబడాలా? నా వల్ల కాదు, వేడ్."

"మరి అమ్మకి ఏమని చెప్పను?"

"నిజమే చెప్పు."

వేడ్ నిజమే చెప్పాడు గానీ సగమే చెప్పాడు. అందుకే మధ్యాహ్నానికల్లా వెర్నా చేతిలో అప్పుడే కాల్చిన ఆపిల్ పై గిన్నెతో గుమ్మంలో నిలబడింది. కోటు కూడా విప్పలేదు.

"డబ్బిచ్చి గుమ్మడికాయలు కొంటారట! స్టకీల ఇంటి పిల్లలు!"

"మేవ్ స్టకీల ఇంటి పిల్ల కాదు కదండీ," అంది కొరీన్. నెమ్మదిగానే అంది.

"నేనన్నానా ఆ మాట?"

"మీరు అనక్కర్లేదు. ఇద్దరు తమ పేరున్న కాయలు ఎత్తుకుని గంతులేస్తుంటే మూడోది పేరు లేని కాయ ఏరుకుంటుంది. దానికి అర్థం కాదనుకుంటున్నారా?"  "మా అమ్మ రెండో పెళ్ళి చేసుకున్నాక ఆ ఇంట్లో క్రిస్మస్‌కి పొయ్యిగూడు దగ్గర కానుకలు వేసే మేజోళ్ళు కట్టేవాళ్ళు. అందరి మేజోళ్ళ మీదా పేర్లు కుట్టి ఉండేవి. నాది కొట్లోంచి తెచ్చింది. దాని మీద పేరు చోటు ఖాళీగా ఉండేది. నన్నెవరూ ఏమీ అనలేదండీ. అందరూ మంచివాళ్ళే. కానీ ఆ ఖాళీ మేజోడు నేనింకా మర్చిపోలేదు."

వెర్నా నోరు తెరిచింది. "మేవ్ పేరు..." అని ఆగిపోయింది. మెడ దగ్గర మొదలై మొహమంతా ఎర్రబడింది. ఆపిల్ పై గిన్నె బల్ల మీద పెట్టి, "వేడిగా ఉన్నప్పుడే తినండి," అని గిరుక్కున తిరిగి వెళ్ళిపోయింది.

"మా అమ్మ వాక్యం మధ్యలో ఆపేయడం పుట్టి బుద్ధెరిగాక ఇదే చూడ్డం," అన్నాడు వేడ్.

మెట్ల మీద కూర్చుని మేవ్ అంతా వింది. ఆ రోజు పడుకోబెడుతుంటే అడిగింది. "అమ్మా, ఆవిణ్ణి నేనేమని పిలవాలి?"

"నీకెలా పిలవాలనిపిస్తే అలాగే పిలువు బంగారం."

"నాకేమీ అనిపించట్లేదు," అంది మేవ్, గోడవైపు తిరుగుతూ. కొరీన్ దీపం ఆర్పి చాలాసేపు అక్కడే కూర్చుంది. తను ఎవరి మీద కోపం పెట్టుకుందో ఆమెకే స్పష్టంగా తెలియలేదు.

ఆదివారం పొద్దున కడిగి బోర్లించిన ఆపిల్ పై గిన్నె ఆమెకి ఎదురుగా కనిపిస్తూనే ఉంది. పెద్ద తోట తెరవడానికి ఇంకా టైముంది. పెద్దావిణ్ణి గుమ్మంలోనే నిలబెట్టి మాట్లాడానన్న బాధ లోపల గుచ్చుతోంది. "గిన్నె ఇచ్చేసి వస్తా," అని కారు తాళాలు తీసుకుంది. మేవ్ కూడా బూట్లేసుకుని వెంటపడింది.

వెర్నా ఇంట్లో లేదు. వెనక తోటలో, చివర ఎరువు గుంట దగ్గర వంగి ఉంది. మంచుకి తడిసిన తీగలు దాటుకుంటూ వెళ్ళి కొరీన్ పిలవబోయింది, పిలవలేకపోయింది. వెర్నా చేతిలో ఒక గుమ్మడికాయ ఉంది, ఒక పక్క పూర్తిగా మెత్తబడి కారుతోంది. ఆ పక్కన నల్లబడిన అక్షరాల్లో మేవ్ పేరు ఉంది. గుంటలో అలాంటివే ఇంకో రెండున్నాయి.

"వీటి మీద ఉన్నది మా పాప పేరే కదా?" అంది కొరీన్.

వెర్నా ఉలిక్కిపడింది. కాయని దాచబోయి, దాచడానికి చోటు లేక, గుంటలో జారవిడిచింది.

"సెప్టెంబరులో గీశాను. తోలు ముదిరాక గీస్తే మానదు, కుళ్ళిపోతుంది. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసీ మూడుసార్లు ప్రయత్నించాను. నిన్నటిదాకా ఇదొక్కటైనా నిలబడుతుందేమోనని ఆశ."

"మరి నాతో ఒక్క మాట చెప్పొచ్చు కదండీ!"

వెర్నా జవాబు చెప్పేలోగా తోట మధ్యలోంచి మేవ్ కేక వినిపించింది. "అమ్మా! ఇక్కడొక కాయకి గడ్డి దుప్పటి కప్పారు!"

"దాన్ని తిప్పకు తల్లీ, అది వద్దు!" అంటూ వెర్నా తీగలు తొక్కుకుంటూ పరుగెత్తింది. ప్రాణంలా చూసుకునే తీగలు ఆవిడ బూటు కింద నలిగాయి. అప్పటికే మేవ్ గడ్డి తోసేసి, రెండు చేతులూ కింద పెట్టి, కాయని తిప్పేసింది.

మంచి నిండు నారింజరంగు కాయ. దాని మీద చక్కగా మాని, ఉబ్బి, అరచేయంత ఎదిగిన అక్షరాలు. ఎమ్, ఏ, వి, ఇ.

కొరీన్‌కి ముందు తప్పు కనిపించలేదు. ఇంత పెద్దగా ఎదిగాయంటే ఎప్పుడు గీసి ఉండాలో అదే లెక్క తట్టింది. "ఇది జూలైది!"

"ఆఁ, జూలైదే."

"అప్పటికి మాకు పెళ్ళి కాలేదు. పెళ్ళి మాట కూడా మీకు చెప్పలేదు."

"మా వాడు ఫోన్లో వాన గురించి మాట్లాడుతూ కూడా ఈ పిల్ల పేరు రెండుసార్లు తెచ్చాడు. నాకు అర్థం కాదా? ఇంక పెళ్ళిదాకా ఆగడం ఎందుకని గీసేశాను." వెర్నా చేతులు కోటుకి తుడుచుకుంటూనే ఉంది. "స్పెల్లింగ్ అడగలేదు. నాకు తెలుసనుకున్నాను! నాకు తెలియని స్పెల్లింగా అనుకున్నాను. పెళ్ళిరోజు ఈ పిల్ల చేతిసంచి మీద కుట్టిన పేరు చూస్తే మధ్యలో ఇంకో 'ఇ' ఉంది. తల కొట్టేసినట్టైంది, అమ్మాయ్. ఊరందరికీ దిద్దేదాన్ని. ఇంట్లోకి కొత్తగా వచ్చే పసిదాని పేరే తప్పు రాశాను. దాన్ని చెరపడం కుదరదు. నువ్వు నిన్న ఆ మేజోడు మాట అన్నప్పుడు చెబుదామనే నోరు తెరిచాను. సిగ్గేసింది. పేరు లేదనుకోవడం కన్నా తప్పు పేరు చూడ్డం ఇంకా కష్టమేమో అనుకున్నాను."

 నిన్నంతా కొరీన్ లేదని బాధపడిన కాయ, తనకి ఈ ఇంట్లో చోటు దొరక్కముందు నుంచీ ఇక్కడ ఎండకి ఎండుతూ వానకి తడుస్తూ పెరుగుతోంది. ఆమె ముందుకెళ్ళి, మట్టి చేతులతోనే ఉన్న వెర్నాని కావిలించుకుని ఏడ్చేసింది. వెర్నా ఆ చేతులు ఎక్కడ పెట్టాలో తెలియక కాసేపు గాల్లోనే ఉంచి, ఇక తప్పదన్నట్టు కోడలి కొత్త కోటు మీదే వేసింది.

మేవ్ మాత్రం నేల మీద కూర్చుని ఒక్కో అక్షరాన్నీ వేలితో తడుముతోంది. చాలా జాగ్రత్తగా చదివింది. "నాది ఒకటి తగ్గింది," అంది.

"తప్పు నాదే తల్లీ," అంది వెర్నా.

"అయితే గొడుగు గుర్తు పెట్టండి. జోసీ కార్డు మీద పెట్టారు కదా. కింద గొడుగు, పైన అక్షరం."

వెర్నా నవ్వబోయింది. నవ్వు కాస్తా ఏడుపైంది. "పెడతాను. కానీ ఇప్పుడు కోస్తే ఇదీ కుళ్ళిపోతుంది. హాలోవీన్ దాకా ఆగుతావా?"

మేవ్ ఆలోచించి, ఆగుతానంది.

నది అవతలి మేకలు ఆ ఏడాది మా వాళ్ళని చూసే భాగ్యానికి నోచుకోలేదు. గంటలో వేడ్ మిగతా ఇద్దరినీ తీసుకుని వచ్చాడు. బండి గ్రేడీయే లాగాడు. జోసీ తన కాయని తొడిమ పట్టుకుని ఎత్తబోయి, నానమ్మ చూపు తగిలి చేతులు కిందికి మార్చింది. మేవ్ కాయని చూసి గ్రేడీ, "నానమ్మ తప్పు రాసిందోచ్!" అని తోట దద్దరిల్లేలా అరిచాడు. బడిలో, చర్చిలో, మా వీధిలో ఆ వార్త మర్నాటికల్లా పాకింది. ఎర్ర సిరా దెబ్బలు తిన్నవాళ్ళందరం కడుపారా నవ్వుకున్నాం.

నెలాఖర్న, గుమ్మడికాయలకి మొహాలు చెక్కి లోపల దీపాలు పెట్టే హాలోవీన్ సాయంత్రం, వెర్నా చిన్న కత్తి తీసుకుని వాళ్ళ వరండాకి వచ్చింది. గ్రేడీ కాయకి కోరలు, జోసీ కాయకి మీసాలు వచ్చాయి. మేవ్ తన కాయకి మొహం వద్దంది. లోపలి గుజ్జంతా తీసేశాక, వెర్నా కళ్ళజోడు సర్దుకుని, రెండో అక్షరం తర్వాత కింద హంసపాదు కోసింది. పైన 'ఇ' కోసింది. ఎవరి తప్పునీ ఆవిడ అంత శ్రద్ధగా దిద్ది ఉండదు.

"ఇంకొంచెం పెద్దగా నానమ్మా. రోడ్డు మీదికి కనపడాలి," అంది మేవ్.

వెర్నా చెయ్యి ఒక్క క్షణం ఆగింది. కళ్ళజోడు తుడుచుకుని ఇంకొంచెం పెద్దగా కోసింది.

వేడ్ లోపల దీపం పెట్టాడు. నాలుగు అక్షరాలూ మచ్చలుగానే ఉన్నాయి. వెలుగు మాత్రం ఆ హంసపాదులోంచీ, ఆ తప్పిపోయిన అక్షరంలోంచీ వస్తోంది. మిఠాయిల కోసం ఇల్లిల్లూ తిరుగుతూ వచ్చే పిల్లలందరూ దాని ముందు ఆగి కూడబలుక్కుని చదివారు. అడిగినవాళ్ళందరికీ మేవ్ అదేంటో వివరంగా చెప్పింది.

వెళ్ళబోతూ వెర్నా మెట్ల దగ్గర ఆగింది. చేతిసంచిలోంచి ఎర్ర ఉన్ని మేజోడు ఒకటి సగం బయటికి తీసి, మళ్ళీ లోపలికి తోసేసింది.

"కొరీన్, నీ పేరులో 'ఆర్' ఒకటా రెండా? కుట్టే ముందు అడుగుదామని."

"ఒకటేనండీ," అంది కొరీన్. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నా నవ్వింది. "'ఎన్'లు రెండు."

"ఆర్ ఒకటి, ఎన్‌లు రెండు," అని వెర్నా మూడో తరగతి పిల్లలా పైకి అప్పజెప్పుకుంది. మెట్లు దిగుతూ కూడా అదే అనుకుంటూ వెళ్ళింది.