బ్రేకుల్లేని బండి మీద మూడు వేల మంది

ఉదయం ఎనిమిదిన్నరకు, విజయవాడ ఆటోనగర్ మూడో రోడ్డు టిఫిన్ బండి దగ్గర, పదకొండు మంది ఒక్కసారిగా ఎడమవైపు ఒరిగారు. ఒరగడమంటే కాస్త మెడ వంచడం కాదు. భుజం నేలకు రాసుకుంటుందేమో అన్నంతగా ఒరిగారు. పళ్ళేల్లో సాంబారు కూడా అటే పోయింది. మూడు సెకన్లకు నిటారుగా లేచి, ఇడ్లీ తుంచి నోట్లో పెట్టుకోబోయేలోగా మళ్ళీ ఒరిగారు. బండాయన మాత్రం చలించలేదు. ఏప్రిల్ నుంచీ ఇదే వరస. ప్రాక్టీసు ఉన్న రోజుల్లో ఆయన సాంబారు సగం గరిటే పోస్తాడు, మిగతా సగం చుట్టు పూర్తయ్యాక.

దీనికంతటికీ కారణం తోడుచొక్కా. బనీను కన్నా పలచన, చర్మానికి అంటుకుని ఉంటుంది. ప్రపంచంలో ఎక్కడో ఆటగాడు తల్లిచొక్కా వేసుకుని ఆడుతుంటే, అతని ఒంటికి తెలిసినదంతా అభిమాని ఒంటికీ తెలుస్తుంది. గుండె దడ, కండరాల బిగువు, పడితే దెబ్బ (నొప్పి పదో వంతే, చట్టం అంతకు మించి ఒప్పుకోలేదు). ఈ చొక్కా వచ్చాక ఆట చూసేవాళ్ళు తగ్గిపోయి, ఆట తొడుక్కునేవాళ్ళు ఎక్కువయ్యారు. అన్నిటికన్నా ఎక్కువగా తొడుక్కున్నది స్పీడ్‌వేని.

నలుగురు మనుషులు, నాలుగు మోటారుసైకిళ్ళు, మట్టి ట్రాకు, నాలుగు చుట్లు, ఒక నిమిషం. స్పీడ్‌వే అంటే అంతే. మలుపులన్నీ ఎడమకే. బండికి ఒకటే గేరు. బ్రేకులు అసలే ఉండవు. ఆ చివరి సంగతి తెలిసిన రోజున ఆటోనగర్ మెకానిక్కులు పని మానేసి కూర్చున్నారు. "బ్రేకుల్లేకుండా బండి ఆ పిల్ల చేతికిచ్చిన షోరూం వాడెవడో ముందు వాణ్ణి నాకు చూపించండి" అని రేడియేటర్ల ఖాజా కేకలేశాడు.

ఆ పిల్ల పేరు ఇల్జే ఓజోలా. లాత్వియా దేశస్థురాలు. ఆమెను వీళ్ళు ఎన్నుకోలేదు. చొక్కాలు చేసే సహానుభవ సంస్థవారు ఊరి జనం గుండె లయను, పోటీదారుల గుండె లయను సరిచూసి 'నాడీ పొంతన' అనే పద్ధతిలో ఊరికో రేసరును అంటగడతారు. ఆటోనగర్‌కు ఇల్జే వచ్చింది. సీజను మొదట్లో పదహారు మందిలో ఆమెది పదహారో స్థానం. పెళ్ళిచూపులైనా లేకుండా ఖాయమైన సంబంధమని అందరూ మొహాలు వేలాడేశారు. మొదటి రేసులోనే ఆమె కింద పడింది. ఇక్కడ మూడు వేల మంది పక్కటెముకలు కలుక్కుమన్నాయి. ఆ తర్వాత ఆమె హెల్మెట్ తియ్యకుండా, ఎవరికీ కనబడకుండా, చప్పుడు చెయ్యకుండా ఏడ్చింది. ట్రాకు దగ్గరున్న పాతిక వేల మందికి ఆ సంగతి తెలియలేదు. ఆటోనగర్‌కు తెలిసింది. ఆ సాయంత్రానికల్లా ఆమె ఇల్జమ్మ అయిపోయింది.

చొక్కాలో వెన్నుతట్టు అని ఒక సదుపాయం ఉంది. అభిమాని తన గుండె మీద రెండుసార్లు తట్టుకుంటే, అక్కడ ఆటగాడి వీపు మీద చిన్నగా తట్టినట్టుంటుంది. మూడు వేల మంది ఆటోనగర్ జనం వేళా పాళా లేకుండా తట్టారు. టైర్లు ఊడదీస్తూ తట్టారు, భోంచేస్తూ తట్టారు. పదహారోది పదయింది, ఆరయింది. అక్టోబరు వచ్చేసరికి డెన్మార్క్ పిల్ల సోఫీతో సమానంగా మొదటి స్థానంలో నిలబడింది. ఇక మిగిలింది ఆస్ట్రేలియాలో రేపటి ఫైనల్ ఒక్కటే. అందులోనూ చివరి రేసులో వాళ్ళిద్దరిలో ఎవరు ముందుంటే వాళ్ళే ప్రపంచ విజేత.

ఆ టిఫిన్ బండి దగ్గరికే అభిమాన సంఘం అధ్యక్షురాలు సాంబ్రాజ్యం, మొగుడు యేసుపాదం బండి వెనక కూర్చుని వచ్చి దిగింది. అరవై రెండేళ్ళ మనిషి. సీటు కవర్లు కుట్టడంలో ఆటోనగర్‌లో ఆమెను మించినవాళ్ళు లేరు. యేసుపాదానిది హారన్లు బిగించే పని. ఊరంతా స్వయంరథాల్లో, తమంత తాము నడిచే బళ్ళలో, కాళ్ళు చాపుకుని తిరుగుతుంటే, ఒక్క ఆటోనగర్ వాళ్ళకే చేత్తో బండి నడిపే అనుమతి మిగిలింది, బాగు చేసిన బండిని నడిపి చూడాలి కాబట్టి. బ్రేకు తొక్కే కాలు, హారన్ నొక్కే బొటనవేలు రాష్ట్రం మొత్తం మీద అక్కడే బతికున్నాయి. సాంబ్రాజ్యానికి మాత్రం బండి నడపడం రాదు. నలభై రెండేళ్ళుగా వెనకే కూర్చుంది. ప్రతి మలుపులోనూ మొగుడి ఎడమ భుజం గట్టిగా పట్టుకుంటుంది. ఆయన చొక్కాలన్నీ ముందు ఆ భుజం దగ్గరే చిరుగుతాయి.

వాళ్ళ వెనకే స్వయంరథంలో సహానుభవ సంస్థ ప్రాంతీయ అధికారిణి వాగ్దేవి వచ్చింది. నలభై దాటిన మనిషి, మొహంలో నెత్తురు చుక్క లేదు.

"అధ్యక్షురాలు గారూ, మీతో కాస్త ఇబ్బందైన విషయం మాట్లాడాలి" అంది.

"ఇల్జమ్మకేమన్నా అయిందా?" సాంబ్రాజ్యం చేతిలో పళ్ళెం కింద పెట్టేసింది.

"ఆమెకేం కాలేదు. ఇబ్బంది మీవల్లే." వాగ్దేవి గాలిలో ఒక గీతల బొమ్మ తెరిచింది. "గత నాలుగు పోటీల్లో, ముఖ్యమైన రేసుల్లో మాత్రమే, మలుపు దగ్గరికొచ్చేసరికి ఆమె ఎడమ బొటనవేలు హ్యాండిల్ మీద నుంచి లేస్తోంది. కుడి పాదం లేని పెడలును తొక్కుతోంది. ప్రతి మలుపుకూ సెకనులో పదో వంతు పోతోంది. ఎందుకో ఆమెకూ తెలియదు, కోచ్‌కూ తెలియదు. నిన్న మాకు అర్థమైంది."

అందరి చూపులూ ఎవరి బొటనవేలి మీదికి వాళ్ళవి పోయాయి.

"అంటే... మేం హారన్ కొడతన్నామంటారా?" అన్నాడు ఖాజా.

"మూడు వేల మంది ఒకేసారి కొడుతున్నారు. బ్రేకు కూడా వేస్తున్నారు. వెన్నుతట్టు కోసం చొక్కాలో మీ నుంచి ఆమెకు సన్నటి తిరుగుదారి పెట్టాం. ఆ దారిలో తట్టు తప్ప ఇంకేదీ పోదనుకున్నాం. మిగతా ఊళ్ళలో ఎవరికీ బండి నడపడం రాదు కాబట్టి ఏమీ పోలేదు కూడా."

"మరి మొదట్లో ఎందుకు కాలేదు మేడమ్?"

"ఆమె ఓడిపోతున్నన్నాళ్ళూ మీకు భయం లేదు. గెలుస్తుందేమో అన్న దగ్గర్నుంచీ భయం మొదలైంది."

ఖాజా తిన్నగా యేసుపాదం వైపు తిరిగాడు. "బావా, ఇందులో సగం నీదే! నువ్వు నిద్రలో కూడా హారన్ కొడతావు."

"నోర్ముయ్యరా! ముందు మలుపుంటే కొట్టక, ఆ పిల్లని ఎదురుగా వచ్చేవాడి మీదకి పొమ్మంటావా?" అన్నాడు యేసుపాదం.

"ఎదురుగా ఎవడొస్తాడు బావా, అందరూ ఒకే వైపు పోతా ఉంటే!"

"వచ్చేవాడు నీకు చెప్పి వస్తాడంట్రా?"

సాంబ్రాజ్యం ఇద్దర్నీ కళ్ళతోనే కూర్చోబెట్టి, "ఆ తిరుగుదారి మూసేసే మీట లేదా మేడమ్?" అని అడిగింది.

"లేదండీ. చొక్కా ఒంటి మీద ఉన్నంతసేపూ దారి తెరిచే ఉంటుంది. అలాగే కుట్టేశారు."

"బాగానే ఉంది సంబడం. యాభై రూపాయల సీటు కవరుకే నేను జిప్పు పెడతాను."

పది గంటల ప్రాక్టీసులో ఒక ప్రయత్నం చేశారు. బొటనవేళ్ళన్నిటినీ గుడ్డపీలికలతో అరచేతులకు కట్టేశారు. కుడికాళ్ళకింద ఇటుకలు పెట్టారు. రేపటి చివరి రేసని ఊహించుకోమని సాంబ్రాజ్యం మైకులో చెప్పింది. వాళ్ళు బాగా ఊహించుకున్నారు. వేళ్ళు కదల్లేదు గానీ లోపల నరం నొక్కుతూనే ఉంది. అక్కడ ప్రాక్టీసులో ఇల్జే బొటనవేలు ఎప్పటికన్నా ఎక్కువ లేచింది. గీతల బొమ్మ చూసి వాగ్దేవి తల పట్టుకుంది.

"ఇక ఒకటే దారి. రేపు మిగతా రేసులకు వేసుకోండి, బాగా తట్టండి. చివరి రేసుకు మాత్రం మూడు వేల చొక్కాలూ విప్పెయ్యాలి. ఆమెకు ముందుగా ఏమీ చెప్పడం లేదు, కంగారుపడుతుందని."

ఆ మాటకు పెద్ద పెద్ద మెకానిక్కుల కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. సీజనంతా మోసుకొచ్చి, తీరా గుమ్మం దగ్గర పిల్లను ఒంటరిగా దింపేసి పొమ్మంటే ఎవరికి మాత్రం మనసొప్పుతుంది? కానీ సాంబ్రాజ్యం అందరి చేతా ప్రమాణం చేయించింది. ఖురాన్ మీద, బైబిలు మీద, దుర్గమ్మ మీద, అవేవీ పట్టనివాళ్ళ చేత వాళ్ళ వాళ్ళ పానాల పెట్టె మీద చెయ్యి వేయించింది.

"ఎవరన్నా ఒక్కరు దాచుకున్నా, ఆ పిల్ల ఓడిపోతే ఆ పాపం వాళ్ళదే. ఆనక నన్నని లాభం లేదు" అంది.

మర్నాడు మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు మెకానిక్కుల సంఘం షెడ్డు నిండిపోయింది. మిగతా రేసులన్నీ అయిపోయాయి. ఇల్జే, సోఫీ ఇద్దరూ చివరి రేసుకు చేరారు. షెడ్డు వాకిట్లో సాంబ్రాజ్యం గోతాలు పట్టుకుని కూర్చుని, వీధి వీధికీ లెక్క పెట్టి చొక్కాలు వేయించుకుంది. యేసుపాదం తనది ఇవ్వడానికి పేచీ పెడితే ఆవిడే విప్పించింది. గోతాలన్నీ తన దుకాణంలో పడేసి తాళం వేసి వస్తానని వెళ్ళింది. ఎండకు పైట భుజాల చుట్టూ నిండా కప్పుకుని తిరిగొచ్చి వెనక బల్ల మీద కూర్చుంది.

గాలితెర మీద నాలుగు బళ్ళు బారులు తీరాయి. షెడ్డులో వెయ్యి మందీ బనీన్లతో నిలబడ్డారు. ఎవరి గుండె వాళ్ళదే కొట్టుకుంటోంది. అది వాళ్ళకు చాలా కొత్తగా ఉంది. ఇన్ని నెలల తర్వాత మొదటిసారి ఇల్జే వాళ్ళకు బయట నుంచి కనబడింది. ఇంత చిన్నపిల్లా అనుకున్నారు. ఖాజా ముందుజాగ్రత్తగా యేసుపాదం బొటనవేళ్ళు రెండూ తన పిడికిళ్ళలో బిగించి పట్టుకున్నాడు.

బళ్ళ ముందు అడ్డంగా కట్టిన తాడు లేచింది. సోఫీ దూసుకుపోయింది. ఇల్జే బండి ముందుకు కదలడానికే తటపటాయించింది. మొదటి మలుపులో అందరికన్నా వెనక. ఆమె బొటనవేలు లేవలేదు, పాదం కదల్లేదు. అన్నీ సరిగ్గానే ఉన్నాయి, మనిషే సరిగ్గా లేదు. రెండో చుట్టులోనూ నాలుగో స్థానమే.

"ఏమైంది తల్లీ నీకు!" అని యేసుపాదం అరిచాడు. ఖాజా పిడికిళ్ళు వదల్లేదు.

మూడో చుట్టు మొదటి మలుపులో ఏం జరిగిందో ఎవరికీ తెలియదు. ఇల్జే భుజాలు ఒక్కసారి సర్దుకున్నాయి. బండిని బయటి అంచు దాకా, గోడకు జానెడు దూరందాకా వదిలేసి, మట్టి ఎగజిమ్ముకుంటూ ఒకర్ని దాటింది. అక్కడే ఇంకొకర్ని దాటింది. ఆఖరి చుట్టు ఆఖరి మలుపులో సోఫీ పక్కకు వచ్చింది. గీత దాటేసరికి ఇల్జే ముందు చక్రం అర చక్రం ముందుంది.

షెడ్డు రేకులు ఎగిరిపోతాయేమో అన్నంత గోల. ఖాజా యేసుపాదాన్ని ఎత్తుకుని తిప్పాడు. వాగ్దేవి ఉద్యోగం మర్చిపోయి ఒక ముక్కూమొహం తెలియని వెల్డర్ మెడ పట్టుకుని ఏడ్చింది. ఆ తర్వాత చేతిలో గీతల బొమ్మ చూసుకుని ఏడుపు ఆపేసింది.

"మూడు వేలలో ఒక చొక్కా ఇంకా ఎవరి ఒంటి మీదో ఉంది" అంది.

వెయ్యి తలలూ యేసుపాదం వైపు తిరిగాయి. ఆయన ఒంటి మీద చిల్లుల బనీను తప్ప ఏమీ లేదు. బొటనవేళ్ళు ఎర్రగా కమిలిపోయి ఉన్నాయి. "నేను కాదర్రా!" అన్నాడు ఏడుపు గొంతుతో.

అంతలో తెర మీద ఇల్జే హెల్మెట్ తీసి మాట్లాడసాగింది. మాటమార్పిడి యంత్రం ఆమె మాటల్ని తెలుగులో వినిపించింది.

"తాడు లేవబోయే ముందు నా వీపు ఖాళీ అయిపోయింది. సీజనంతా నాతో ఉన్నవాళ్ళు నన్ను వదిలేసి వెళ్ళిపోయారనిపించింది. రెండు చుట్లు ఎలా తిరిగానో నాకే తెలియదు. మూడో చుట్టు మలుపులో... ఎలా చెప్పాలో తెలియడం లేదు. మా బండికి వెనక సీటు ఉండదు. కానీ నా వెనక ఎవరో కూర్చున్నారు. నా ఎడమ భుజం గట్టిగా పట్టుకున్నారు. భయపడుతూనే పట్టుకున్నారు. దిగిపోలేదు. ఇక నాకు భయం వెయ్యలేదు."

యేసుపాదం చెయ్యి తెలియకుండానే తన ఎడమ భుజం మీదికి పోయింది. ఆ షెడ్డులో ఆ పట్టు ఎలా ఉంటుందో తెలిసినవాడు ఆయనొక్కడే. నెమ్మదిగా వెనక బల్ల వైపు తిరిగాడు.

సాంబ్రాజ్యం పైట ఇంకాస్త బిగించుకుంది. మెడ దగ్గర తోడుచొక్కా అంచు కనబడుతూనే ఉంది.

"అందరి చేతా ప్రమాణం చేయించి నువ్వే విప్పలేదటే!" అన్నాడాయన.

"అరవమాకు. తాళం వేద్దామనే పోయాను. ఆడపిల్ల ఒక్కతే పోతంటే చూస్తా కూర్చోవడం నా వల్ల కాలేదు. దారిలోనే తొడుక్కున్నా. కదలకుండా కూర్చుందామనే అనుకున్నాను, మూడో చుట్టు దాకా ఆగాను కూడా. పైగా నాకు హారనూ రాదు, బ్రేకూ రాదు, నావల్ల నష్టమేంటి?" అంది సాంబ్రాజ్యం. కళ్ళల్లో నీళ్ళున్నాయి, గొంతు మాత్రం తగ్గలేదు.

"నలభై రెండేళ్ళూ ఆ పట్టు నా ఒక్కడికే అనుకున్నానే."

"చాల్లే సంబడం. పద ఇంటికి, అన్నం చల్లారిపోతా ఉంది."

ఇద్దరూ బండెక్కి బయల్దేరారు. వాళ్ళు వెళ్ళాక కూడా ఖాజా, వాగ్దేవి, మిగతావాళ్ళు తెర ముందు నుంచి కదల్లేదు. ఆస్ట్రేలియాలో ఇల్జేను ఎత్తైన మెట్టు మీద నిలబెట్టి చేతికి కప్పు ఇచ్చారు. ఆమె దాన్ని పైకెత్తబోయింది. సరిగ్గా అప్పుడే బయట, మూడో రోడ్డు మలుపు దగ్గర, యేసుపాదం హారన్ రెండుసార్లు మోగింది.

కప్పు ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉంచి, ఇల్జే తన ఎడమ భుజం తడుముకుంటూ వెనక్కి తిరిగి చూసింది.

"అక్క ఇంకా చొక్కా విప్పలేదు మేడమ్" అన్నాడు ఖాజా.

"ఇంటికి చేరేదాకా ఎన్ని మలుపులున్నాయి?" అని వాగ్దేవి అడిగింది.

ఖాజా వేళ్ళు మడిచి లెక్కపెట్టాడు. "ఇంకా నాలుగు" అన్నాడు.

అక్కడ మెట్టు మీద ఇల్జే కప్పు గుండెకు ఆనించుకుని, తర్వాతి మలుపు కోసం కాస్త ఎడమవైపుకు ఒరిగి నిలబడింది.