రీడర్ గారి ఆఖరి అధ్యాయం

"మీరు మమ్మల్ని దగా చేశారు!"

కత్తెర చేత్తో పట్టుకుని మరీ అంటోంది దర్జీ అమ్మాయి. రీడర్ గారు గుమ్మంలోనే ఆగిపోయాడు.

అతనికి ఆ పేరు పెట్టింది కుట్టుషాపు వాళ్లే. నిజానికి వీధి చివరి పెద్ద బట్టల షోరూమ్ యజమానురాలి కొడుకు. కోటు చేతులు పొట్టిగా ఉన్నాయని సరిచేయించుకోవడానికి వచ్చాడు. ఈ షాపులో ఒక అలవాటుంది. మధ్యాహ్నం మిషన్లు ఆపేసి అందరూ చేతికుట్టు పట్టుకుంటారు, ఒకరు నవల చదివి వినిపిస్తారు. ఆ రోజు చదివే ఆవిడ గొంతు పట్టేసింది. "నేను చదవనా?" అన్నాడితను. అంతే, కోటు సంగతి గాలికొదిలేసి రోజూ హాజరు.

నవల విక్టోరియా రాణి కాలం నాటిది. గొప్పింటి కుర్రాడు, గౌన్లు కుట్టే అమ్మాయి. వాళ్లిద్దరికీ అడ్డంగా అతని తల్లి. నిన్న ఆఖరి అధ్యాయంలో, రైల్వే స్టేషన్లో అందరి ముందూ కుర్రాడు ఆ అమ్మాయి చెయ్యి పట్టుకున్నాడని చదివాడు రీడర్ గారు. షాపంతా ఒకటే చప్పట్లు.

"ఆ పేజీ మళ్లీ చదువుకుందామని పుస్తకం ఇంటికి తీసుకెళ్లాను. చెయ్యీ లేదు, స్టేషనూ లేదు! ఆ పిల్ల వానలో ఒంటరిగా ప్రాణం వదిలింది. వాడు బుద్ధిగా వాళ్లమ్మ చెప్పిన పిల్లని చేసుకున్నాడు."

"మీరు ఏడుస్తారేమోనని..."

"ఏడిస్తే ఏడుస్తాను, నా కళ్లు నా ఇష్టం. ఆ పిరికివాడికి అంత ధైర్యం పోశారే, మీకుందా? మీ అమ్మగారికి మన సంగతి చెప్పారా?"

"ఇంకా లేదు."

ఆమె బల్ల మీది నవల అందుకుంది. "మీరంటే నాకు ఇష్టం. అది దాచను. కానీ వానలో తడిసి చచ్చే రకం కాదు నేను. నాకు గొడుగుంది, షాపుంది. చెప్పాకే రండి." దాన్ని అతని చేతుల్లో పెట్టింది. "ఈసారి ఉన్నది ఉన్నట్టు చదవండి."

మర్నాడు మధ్యాహ్నం వాన. మిషన్లు ఆగాయి గానీ చదివేవాళ్లు లేరు. 'వస్తే వస్తాడు, లేకపోతే లేదు' అనుకుంటూనే దర్జీ అమ్మాయి ఒక గుండీని తప్పు చోట కుట్టింది. దారం తెంపడానికి కత్తెర తీసింది.

ఒకే గొడుగు కింద ఇద్దరొచ్చారు. ముందు తల్లి, వెనక కొడుకు.

"నువ్వేనా అమ్మా? నిన్న నన్ను కూచోబెట్టి ఆఖరి అధ్యాయం చదివాడు వీడు. ఆ తల్లిని నోరారా తిట్టాను. అంతా విని 'నువ్వూ అంతేనా అమ్మా?' అంటాడు! ఆ రాక్షసితో నాకు పోలికా? అదేదో తేల్చుకుందామనే వచ్చాను." ఆవిడ స్టూలు లాక్కుని కూర్చుంది. "ఇంతకీ ఇక్కడ వీడు చదివిన ముగింపేమిటి?"

దర్జీ అమ్మాయి మొదటిసారి తడబడింది. "అందరి ముందూ... చెయ్యి పట్టుకున్నాడండీ."

ఆవిడ కొడుకు వైపు తిరిగింది. "మరింకా చూస్తావేంరా?"

అతను ముందుకొచ్చి చెయ్యి చాపాడు. కోటు చేయి ఇంకా పొట్టిగానే ఉంది.

"ముందు ఆ కత్తెర కింద పెట్టండి" అన్నాడు.

పెట్టింది.