తునికాకు గోదాంల నాలుగో మిషన్

కోరుట్ల దాటినంక మెట్‌పల్లి తొవ్వల ఒక పాత తునికాకు గోదాం ఉన్నది. పొద్దుగూకిందంటే దాని ముంగట ఎవలూ బండి ఆపరు. పెట్రోల్ అయిపోయినా సరే, బండిని నూకుకుంట అవతలికి పోయి ఆగుతరు గని ఆ గేటు కాడ నిలవడరు.

ఎందుకంటే — అండ్ల వెంకటి దగ్గుతడు.

వెంకటి ఆ గోదాం వాచ్‌మన్. ఎల్లారెడ్డిపేట దిక్కుకెళ్ళి పెండ్లాంతోని వచ్చి, ఆ గేటునే నమ్ముకొని బతికినోడు. పోయిన ఎండకాలం ఒక రాత్రి లోపలనే పానం ఇడిసిండు. తెల్లారి చూస్తే పాత గోనె సంచుల మీద ఒరిగి ఉన్నడు. చెప్పులు కాళ్ళకే ఉన్నయి.

ఇగ అయ్యాల్టి సంది చీకటి పడితే చాలు, లోపట్నుంచి దగ్గు. బీడీలు తాగి తాగి గొంతు గీరుకపోయినోని దగ్గు. అది వెంకటిదే అని, ఆయనతోని చాయ్ తాగినోళ్ళంత ఒట్టువెట్టి చెప్తరు. ఒకాయనైతే వెంకటి చేతికట్టె చప్పుడు గూడ ఇన్ననన్నడు. టక్... టక్... టక్... ఎవలో పహరా తిరుగుతున్నట్టు.

గోదాంల ఇప్పుడు ఆకు లేదు. జగిత్యాల వీరేందర్ అనేటాయన కొన్నేండ్ల కింద దాన్ని కొని, ముంగటి అర్రల ఏసీ వెట్టి, ఒక సర్వర్ వెట్టిండు. చూస్తే అది చిన్న బీరువా అంత ఇనుప డబ్బా. కానీ అండ్ల మూడు మిషన్లు నడుస్తయి. కంటికి కనవడయి, చేతికి దొరకయి — ఒకటే పెయ్యిల మూడు పానాలున్నట్టు. ఒకటి దవాఖానల రిపోర్టులది. ఒకటి మందులది. ఇంకొకటి బ్లడ్ బ్యాంకులది — ఏ ఊర్ల ఏ గ్రూపు రక్తం ఉన్నదో సిరిసిల్ల, జగిత్యాల దవాఖానలకు చెప్పేది.

ఆ మూడోదే, పొద్దుగూకంగనే మొరాయిస్తున్నది. పగలంత మంచిగ ఉరుకుతది. చీకటి పడంగనే ఊపిరి ఆడనట్టు అయితది.

చూసి రమ్మని ముందుగాల శ్రవణ్ అనే పిలగాన్ని తోలిండు వీరేందర్. వాడు దగ్గు ఇని, ల్యాప్‌టాప్ చార్జర్ ఆన్నే ఇడిసిపెట్టి జగిత్యాలకు ఉరికచ్చిండు. అప్పుడు కళ్యాణిని తోలిండు.

కళ్యాణిది కోనరావుపేట. తల్లి కూలికి పోయి కంప్యూటర్ ఇంజినీర్ సదివిచ్చింది. దయ్యాలను నమ్ముతవా అని అడిగితే నమ్మనంటది. కానీ చిన్నప్పుడు తల్లి చెప్పిన కథలు పెయ్యిల ఏడనో దాగి ఉంటయి గద.

"దయ్యం లేదు గియ్యం లేదు," అన్నడు వీరేందర్ ఫోన్ల. "మల్లవ్వనే ఏదో చేస్తున్నది. వెంకటి పెండ్లాం. అర్రలు ఊడుస్తది, తాళంచెవులన్ని ఆమె కాడనే. ప్లగ్గు పీకుతదో, ఎవలినన్న లోపటికి తోలుతదో... పట్టుకో. రేపే ఎల్లగొడుత."

కళ్యాణి పోయేసరికి పొద్దు వాలుతున్నది. మల్లవ్వ వాకిలి ఊడుస్తున్నది. యాభై దాటిన మనిషి, సన్నగ, మాటలు తక్కువ. చెంబుల నీళ్ళు ఇచ్చింది గని మొఖం దిక్కు చూడలే.

"పని ఉంటే జల్ది చేసుకొని పో బిడ్డా. చీకటైతే ఈడ మంచిగుండది."

"నువ్వుంటవు గద అవ్వా?"

"నేను పోత."

చీపురు మూలకు వెట్టి పోయింది. కళ్యాణి చెవులు రిక్కించి ఇన్నది. చెప్పుల చప్పుడు గేటు దిక్కు పోయింది. కానీ గేటు తెరిసిన చప్పుడు... రాలే.

ఏడికి పోయినట్టు?

లేచి కిటికీలకెళ్ళి చూసింది. వాకిట్ల ఎవలూ లేరు. గేటుకు లోపటి గడియ పెట్టినట్టే ఉన్నది. గేటు పక్క, ఈ అర్ర గోడకే ఆనుకొని వెంకటి ఉండే చిన్న అర్ర — ఆయన పోయిన సంది మూసే ఉన్నదన్నరు. తలుపు దగ్గరికేసే ఉన్నది.

ఏసీ గుర్రుమంటున్నది. కళ్యాణి నేల మీద చాప ఏసుకొని, ల్యాప్‌టాప్ ముంగట వెట్టుకొని కూసున్నది. బ్లడ్ బ్యాంకు మిషన్ లోపటికి పోయి 'టాప్' అని కొట్టింది. ఆ కమాండ్ కొడితే మిషన్ నాడి చూసినట్టే — ఎంత పని, ఎంత ఆయాసం, అన్ని అంకెలల్ల కనవడుతయి. అన్ని నిమ్మళంగ ఉన్నయి.

బయట వెలుగు పోయింది.

అప్పుడు... గోడవతల నుంచి... ఒక దగ్గు.

కళ్యాణి చేతులు ఆగినయి.

మళ్ళ దగ్గు. దాని ఎనుక — టక్... టక్... టక్...

ఆమె తెర దిక్కు చూసింది. అండ్ల 'ఎస్‌టీ' అని ఒక గడి ఉంటది. ఇంగ్లీషుల స్టీల్, దొంగతనం. అంటే ఈ మిషన్‌కు రావల్సిన పని టైం ఎవలో ఎత్తుకపోతున్నరని లెక్క. ఇందాక సున్నా ఉండె. ఇప్పుడు చూస్తుండంగనే ఎక్కుతున్నది... ఎక్కుతున్నది... సగానికి మీదనే పోయింది.

దొంగతనం. దగ్గుతోని కలిసి మొదలైన దొంగతనం.

ఫోన్ మోగితే ఎగిరిపడ్డది. సిరిసిల్ల దవాఖాన నుంచి శోభ. ల్యాబుల పని చేసే పిల్ల.

"అక్కా, ఓ నెగెటివ్ ఏడున్నదో చూపెడ్తలేదు! ఉత్తగ తిరుగుతనే ఉన్నది. కాన్పుకు వచ్చిన పిల్లకు రక్తం ఆగుతలేదక్కా... అందరికి ఫోన్లు కొడుతున్నం, ఒక్కలు ఎత్తుతలేరు."

"ఫోన్ పెట్టకు. చూస్తున్న."

ఈ మిషన్ లోపట తప్పు లేదు. మూడింటిని మోసేటి డబ్బాలనే ఉన్నది. కళ్యాణి ఇనుప డబ్బాలకు 'రూట్'గ, అంటే అన్నిటి మీద హక్కుండే పెద్ద పేరుతోని పోయి, ఏమేం మిషన్లు నడుస్తున్నయో లిస్టు అడిగింది. మూడు పేర్లే వచ్చినయి. మూడూ కలిపినా తినేది చిటికెడంత. కానీ డబ్బా బలమంత అయిపోయింది.

మరి మిగిలింది ఎవలు తింటున్నరు?

డబ్బా మీదనే 'టాప్' కొట్టింది. పై వరుసల ఒకటి కనవడ్డది. మూడింటి లెక్కనే ఉన్నది... కానీ మూడింట్ల ఏదీ కాదు.

నాలుగోది.

లిస్టుల లేదు. బతికే ఉన్నది.

ఎవలన్న రూట్‌తోని కాకుండ, తన సొంత పేరు మీద మిషన్ లేపుకుంటే అది ఆ లిస్టుల రాదు. ఆ సంగతి యాదికొచ్చి, దాని యజమాని పేరు ఏందా అని చూసింది కళ్యాణి.

వెంకటి.

ఏసీ సల్లదనం ఒక్కసారి ఈపుల దిగినట్టయింది.

కాదు. దీని ఎనుక మనిషే ఉన్నడు. మధుకర్? మునుపు ఈ పని చూసి, నౌకరి మారి పుణె పోయిన ఇంజినీర్. చచ్చినోని పేరు మీద దొంగ మిషన్ వెట్టి, ఆడ కూసొని నడుపుతున్నడా? రాత్రైతే ఎవలూ చూడరని? అనుమానం ఇంకింత పెరిగింది. డబ్బాల ఇప్పుడు ఎవలెవలు ఉన్నరో అడిగింది.

రెండే పేర్లు. ఒకటి ఆమెది. ఇంకొకటి వెంకటి. యాడికెళ్ళి వచ్చిండు అన్న గడిల బయటి ఊరి నంబరేదీ లేదు. ఈ డబ్బాకే తగిలిచ్చిన తెర ముంగట కూసున్నడు అని ఉన్నది.

ఈ డబ్బాకు తెర లేదు.

ఫోన్ లైటు పట్టుకొని డబ్బా ఎనుకకు పోయింది. వైర్లు, దుమ్ము, బూజు... వాటి నడుమ ఒక నల్లటి లావు కేబుల్. అది కిందికి దిగి, నేల పొంటి పాకి, గోడ బొక్కలకెళ్ళి అవతలికి పోయింది.

అవతల ఉన్నది వెంకటి అర్ర.

గోడకు అవతల, చెయ్యి జాపితే అందేటంత దూరంల — దగ్గు.

"అక్కా..." ఫోన్ల శోభ మళ్ళ పిలిచింది. "డాక్టరమ్మ అడుగుతున్నది."

కళ్యాణి ఎనుకకు ఉరికి కూసున్నది. నాలుగోదాన్ని చంపెయ్యచ్చు. ఒక్క కమాండ్. కానీ చంపితే అదేందో ఎన్నటికీ తెల్వదు. అందుకని చంపలే. ఎక్కడిదక్కడ బిగవట్టి ఆపే కమాండ్ ఒకటి ఉంటది — అది కొట్టింది.

దగ్గు సగంల తెగింది.

కట్టె చప్పుడు ఆగింది.

ఎస్‌టీ గడి జారి జారి సున్నాకు వచ్చింది.

"అచ్చింది అక్కా! వేములాడల ఉన్నదట, వేములాడల! పంపుమంటున్న!" ఫోన్ కట్టయింది.

అప్పుడు గోడ అవతల నుంచి, ఒక ఆడమనిషి సన్నగ ఏడిసినట్టు —

"అయ్యో... ఆగిపోయిండు!"

కళ్యాణి ఎట్ల లేచిందో, వాకిట్లకు ఎట్ల వచ్చిందో ఆమెకే తెల్వదు. చిన్న అర్ర తలుపు నూకింది. గడియ లేదు. లోపట దీపం లేదు. ఒక మూల పాత తెర వెలుగుతున్నది. దాని ముంగట ముక్కాలిపీట మీద, మోకాళ్ళు దగ్గరికి ముడుసుకొని... మల్లవ్వ.

తెర మీద వెంకటి. చేతిల టార్చిలైటు, ఇంకో చేతిల కట్టె, ఒక కాలు లేపి. లేపిన కాలు లేపినట్టే ఉన్నది.

"ఏం జేసినవ్ బిడ్డా?" అన్నది మల్లవ్వ. "నడుస్తుండె గద. ఎందుకు ఆపినవ్?"

కళ్యాణి గోడకు ఒరిగింది.

"ఏందవ్వా ఇది?"

"కెమెరాది. ఆయన బతికున్నప్పుడు మధుకర్ సారు ఆయన పేరు మీదనే వెట్టిచ్చిండు. పొద్దుగూకితే గిది నొక్కు వెంకటీ, తెల్లారితే గిది నొక్కు అన్నడు. నేను అన్నం తెచ్చి ఈడ కూసుంటుంటి. ఆయన లోపట తిరుగుతుంటే గీండ్ల కనవడుతుండె. కెమెరా కాడికి వచ్చి చెయ్యి ఊపుతుండె నాకు." ఆమె తెర అంచును కొంగుతోని తుడిసింది. "ఆయన పోయినంక కెమెరా పీకేసిన్రు. ఇండ్ల ఉన్నది మాత్రం మరిసిపోయిన్రు."

పాత వీడియోలు. గంటల కొద్దీ. అవి తిప్పుతున్నంత సేపు ఆ నాలుగో మిషన్ డబ్బా బలమంత గుంజుకుంటున్నది.

"ఇంట్ల ఫోటో లేదా అవ్వా?"

"ఉన్నది. ఫోటో నడువది గద బిడ్డా. దగ్గది."

"జనం దయ్యమంటున్నరు. ఎర్కనేనా?"

"అననియ్యి. భయముంటెనే ఎవలు లోపటికి రారు. వస్తే దీన్ని పీకేస్తరు."

కళ్యాణికి కోపం వచ్చింది. శోభ ఫోన్ సంగతి చెప్పింది. రక్తం ఆగని ఆ పిల్ల సంగతి చెప్పింది. మల్లవ్వ ఇన్నకొద్దీ చిన్నగయింది. మౌస్ మీది చెయ్యి తీసి ఒళ్ళె పెట్టుకున్నది.

"నాకెర్క లేదు బిడ్డా. నీ కాళ్ళు మొక్కుత, నాకెర్క లేదు... పీకెయ్. ఇగ పీకెయ్."

ఫోన్ దిక్కే చూసుకుంట అరగంట గడిపినంక శోభ మెసేజ్ వచ్చింది. రక్తం అందింది, ఎక్కిస్తున్నరు. కళ్యాణి పీకలే. ల్యాప్‌టాప్ తెచ్చుకొని, ఆ నాలుగోదానికి డబ్బా బలంల ఒక మూల మాత్రమే ఇచ్చి, మిగిలిందానికి అది చెయ్యి పెట్టకుండ కట్టడి చేసింది. మళ్ళ నడువుమన్నది. తెర మీద వెంకటి లేపిన కాలు కింద వెట్టిండు. దగ్గిండు. బ్లడ్ బ్యాంకు మిషన్ మాత్రం నిమ్మళంగనే ఉరుకుతున్నది.

వీరేందర్‌కు ఫోన్ చేసింది. "సార్, పాత మిషన్ ఒకటి బందు చెయ్యకుండ ఇడిసిపెట్టిన్రు. సరి చేసిన. మల్లవ్వది ఏం తప్పు లేదు."

పోదామని లేస్తుంటే మల్లవ్వ చెయ్యి పట్టుకున్నది.

"ఒక్కటి చేసిపెడ్తవా? ఆయన పోయిననాటిది గిండ్ల ఉంటది. నాకు సదువు రాదు, తారీఖులు తెల్వయి. మొదటి సంది ఒక్కొక్కటి చూసుకుంట వస్తున్న... దొరుకుతలేదు. ఆనాడు నేను లేను బిడ్డా. చెల్లె కాన్పని బుగ్గారం పోయిన. ఆయనకు అన్నం తేలే." గొంతు తగ్గిచ్చింది. "నన్ను పిలిచిండో ఏమో."

కళ్యాణి వద్దనలేకపోయింది. తారీఖు వట్టి ఎతికింది. దొరికింది.

"ఆగు అవ్వా. ముందుగాల నేను చూస్త."

ఇయర్‌ఫోన్లు పెట్టుకొని, తెరను తన దిక్కు తిప్పుకున్నది.

వెంకటి నడుసుకుంట వచ్చిండు. ఆగిండు. కట్టె జారవిడిసి, ఎద మీద చెయ్యి ఏసుకొని సంచుల మీద కూలవడ్డడు. మొఖం కెమెరా దిక్కు తిప్పిండు.

"మల్లీ..."

కొద్దిసేపటికి మళ్ళ — "మల్లీ..."

పిలుస్తనే ఉన్నడు. గొంతు సన్నగ అయితున్నది. ఆఖరికి పెదవులే కదులుతున్నయి. కండ్లు మాత్రం మూతవడలే. చూసుకుంటనే పోయిండు.

కళ్యాణి ఇయర్‌ఫోన్లు తీసింది.

"ఏందన్నడు బిడ్డా?"

"ఏమనలే అవ్వా. అలిసి కూసున్నడు. అట్లనే నిద్రపోయిండు."

మల్లవ్వ ఆమె మొఖంలకు చూసింది.

"నీకు అబద్ధమాడ రాదు బిడ్డా."

ఇయర్‌ఫోన్ల వైరు తనే పీకింది. తెరను తన దిక్కు తిప్పుకొని, వెంకటి నేర్పిన తీరుగనే, మొదటికి జరిపి నొక్కింది.

నడుసుకుంట వచ్చిండు. ఆగిండు. కట్టె జారింది. సంచుల మీద కూలవడ్డడు. చిన్న అర్రంత నిండేటట్టు ఆ గొంతు —

"మల్లీ..."

"ఆఁ..." అన్నది మల్లవ్వ. ముందుకు ఒంగి, తెరకు మొఖం ఆనిచ్చి, గుసగుసగ. "ఉన్ననయ్యా. ఈడనే ఉన్న."

కళ్యాణి కండ్లు మూసుకున్నది. రెండో పిలుపు వస్తదని పండ్లు బిగవట్టుకున్నది.

రాలే.

కండ్లు తెరిసింది. తెర మూలకు అదే తారీఖు. కింద టైం అట్లనే పోతున్నది... వెంకటి కెమెరా దిక్కే చూస్తున్నడు. ఎవలో ఎదురుగ వచ్చి నిలవడ్డట్టు ఆ మొఖం మెల్లగ సల్లవడ్డది. తల ఎనుకకు వాల్చిండు. కండ్లు మూసుకున్నడు. వీడియో అయిపోయెదాక మళ్ళ ఒక్క మాట లేదు.

మల్లవ్వ కొంగుతోని కండ్లు తుడుసుకున్నది.

"అబద్ధం అనుకున్న బిడ్డా," అన్నది. "నువ్వు చెప్పింది నిజమే. నిద్రనే పోయిండు."