మూల కంప్యూటర్ జోలికి పోకండి

ఆ కాలేజీ ల్యాబ్‌లో చీకటి పడ్డాక మూల కంప్యూటర్ దగ్గర ఎవరూ కూర్చోరు. మనిషి లేకుండానే మౌస్ బాణం కదులుతుందట... అక్షరాలు వాటంతటవే పడతాయట. కళ్ళారా చూసిన ఒకమ్మాయి జ్వరంతో మంచం పట్టిందట. "రాత్రిపూట దాని జోలికి పోకండి" అని పిల్లల్ని మొదట హెచ్చరించింది వాళ్ళ ప్రాజెక్టుల గైడే.

మా పెద్దమ్మ కూతురు చిట్టక్క అక్కడే వీడియో గేముల ఇంజనీరింగ్‌లో పీజీ చేసింది. ఇది తను చెప్పిందే. నేను ఉప్పూ కారం ఏమీ కలపలేదు.

అక్క గేములో ఒక ముసలావిడ మెట్లెక్కాలి. ఎక్కుతుంటే పాదం రాతిలోకి దిగబడిపోయేది. అది మెట్టు మీద సరిగ్గా ఆనాలి, మోకాలు వంగాలి, ఒళ్ళు కాస్త తూలాలి. దానికోసం తిండీ నిద్రా మానేసి కూర్చుంది. చివరికి సాధించింది.

గైడు చూసి, "బాగుంది. కానీ ఇదంతా నువ్వే చేశావంటే ఎవరమ్మా నమ్ముతారు?" అన్నాడు. నలుగురూ నవ్వారు. అక్కకు అరికాలి మంట నెత్తికెక్కింది.

తెల్లారితే పరీక్షకులు వస్తారు. ఆ రాత్రి అక్కకి గుర్తొచ్చింది — చివరి మెట్టు మీద పాదం ఇంకా జారుతోంది. అందరి ప్రాజెక్టులూ ఉండేది ఆ మూల కంప్యూటర్లోనే.

"అక్కడికొద్దే..." హాస్టల్ గదిలో ఉండే స్నేహితురాలు చెయ్యి పట్టుకుంది.

"దెయ్యానికి కోడింగ్ వస్తే నాకు పని తగ్గుతుందిలే" అని విదిలించుకుని వెళ్ళింది.

ల్యాబ్ అంతా చీకటి. ఏసీ హోరు. మూలన మానిటర్ ఒక్కటే వెలుగుతోంది... కుర్చీ ఖాళీ.

అక్క ఇంకా మౌస్ ముట్టుకోలేదు —

బాణం కదిలింది.

అక్క గబుక్కున ఒకడుగు వెనక్కేసింది. బాణం మెల్లగా పాకి అక్క ప్రాజెక్టు తెరిచింది. గేము చివర, చేసినవాళ్ళ పేర్లు వచ్చే చోటికి వెళ్ళింది. అక్క పేరు... ఒక్కో అక్షరమే మాయమైపోయింది.

ఆ ఖాళీలో మరో పేరు పడసాగింది.

గైడు పేరు.

భయం ఎటు పోయిందో పోయింది. ఫోన్ బయటికి లాగి వీడియో తీసింది. బాణం ఇంకో ఫైలు తెరిచింది. అక్కడా అక్క పేరే ఉంది. అప్పుడు అదే ఫోన్‌తో గైడుకి కాల్ చేసింది.

బాణం టక్కున ఆగింది.

"ఏంటమ్మా... ఈ వేళప్పుడు?"

"నా పేరు ఒక్కచోటే చెరిపారు సార్" అంది అక్క, గొంతు పెంచకుండా. "మిగతా చోట్ల కూడా చెరపండి. ఇక్కడే నిలబడి చూస్తున్నాను."

అవతల ఫోన్ పెట్టేశాడు. తర్వాత మానిటర్ నల్లబడింది.

గైడు ఇంట్లో కూర్చునే నెట్ ద్వారా ఆ కంప్యూటర్ని నడిపేవాడట. పొద్దున్నే పరీక్షకుల ముందే అక్క ఆ వీడియో పెట్టింది. గైడు ఉద్యోగం ఊడింది. అంతకుముందు చదివిన ముగ్గురి ప్రాజెక్టులు కూడా అతని పేరు మీదే ఉన్నట్టు బయటపడింది.

డిపార్ట్‌మెంట్ హెడ్ తల పట్టుకున్నాడు. "ఇన్నాళ్ళ నుంచి జరుగుతుంటే ఒక్కరూ నాతో చెప్పలేదేంటమ్మా?"

"చెప్పారు సార్. మూలన దెయ్యం ఉందని అందరూ వచ్చి చెప్పారు. మీరే నవ్వి పంపేశారు."