హోఫ్‌రాట్ గారి ‘నువ్వు’

అయిదున్నరకు బయల్దేరాల్సిన టూరిస్టు బస్సులో ఒక సీటు ఖాళీగా ఉంది.

కిలియాన్ ష్ట్రోబుల్ లేడు. సాల్‌బ్రుక్ పాత ఊరు చూద్దామని లింజ్ నుంచి భార్యతో పొద్దున్న వచ్చినవాడు. భోజనాలయ్యాక “కాస్త తిరిగొస్తా” అని వెళ్ళాడు. మళ్ళీ కనిపించలేదు. ఫోను భార్య హెర్మీన హ్యాండ్‌బ్యాగులోనే ఉండిపోయింది.

ఇన్‌స్పెక్టర్ నోట్‌బుర్గా ప్లాట్నర్ కాఫీ హోటలు కిటికీలోంచి చూసింది. ఊరి పక్కనే పారే ఇన్ నదిలో రెండు రెస్క్యూ పడవలు గాలిస్తున్నాయి. పైన కొండల్ని మబ్బు కమ్మేసింది. రాత్రికి మంచు పడుతుందని రేడియో ఒకటే గోల. ఆమెకు కాలు నిలవడం లేదు. నదిలో వెతుకుతున్నది ఒకే ఒక్క సాక్షి మాట నమ్మి.

ఆ సాక్షి ఇప్పుడు ఆమె ఎదుట కూర్చున్న ఎగ్‌బెర్ట్ వెసెలి. అదే బస్సులో వచ్చిన వియన్నా పెద్దమనిషి. రిటైరైన ప్రభుత్వాధికారి. ‘హోఫ్‌రాట్’ ఆయన బిరుదు. అది చేర్చకుండా పిలిస్తే ఆయనకు చెవులు వినపడవు.

“ఆయన్ని చివరిసారి ఎక్కడ చూశారు, హోఫ్‌రాట్ గారూ?”

“చెప్పాను కదండీ. నది ఒడ్డున.”

“ఎన్నింటికి?”

“మూడు దాటింది.”

“ఏమైనా మాట్లాడారా?”

“‘అంచుకు పోకు, నువ్వు జారిపోతావ్’ అన్నాను. వింటేనా!”

నోట్‌బుర్గా కలం ఆగింది. పక్క కుర్చీలో ఉన్న హెర్మీన వైపు తిరిగింది.

“మీవారూ, వీరూ స్నేహితులా?”

“స్నేహమా! పొద్దున్న బస్సులో పరిచయం. భోజనాల దగ్గర మావారు బీరు గ్లాసెత్తి, ‘ఇద్దరం ఒక ఈడువాళ్ళం, ఇక నువ్వు అనుకుందాం’ అన్నారు. ‘అంత చనువు నాకు అలవాటు లేదండీ’ అనేశారు ఈయన. మావారి మొహం మాడిపోయింది.”

“భోజనాల దగ్గర మీరు. మూడింటికి నువ్వు. మధ్యలో ఏమైంది, హోఫ్‌రాట్ గారూ?”

“కంగారులో నోరు జారింది.”

“మీ నోరు అలా జారదు. మునిగిపోతున్నవాణ్ణి కూడా మీరు ‘అండీ’ అనే పిలుస్తారు. నేను ఈ కొండల్లో పుట్టినదాన్ని. మీలాంటివాళ్ళ నోట ‘నువ్వు’ వచ్చే చోటు ఒక్కటే. పైన. వెయ్యి మీటర్ల ఎత్తు దాటితే మంత్రయినా, గొర్రెల కాపరయినా నువ్వే. అక్కడ మీరు అంటే నవ్వుతారు. ఆయనతో కలిసి కేబుల్ కారెక్కారు మీరు. అవునా?”

వెసెలి కప్పు కింద పెట్టేశాడు.

“ఎక్కడున్నాడాయన?” నోట్‌బుర్గా బల్ల మీద చరిచింది.

“గైస్‌కోగెల్ కొండ మీద... పాత గని దారిలో. మూసేసిన గేటు తీసింది నేనే. ఫొటో కోసం అంచుకెళ్ళాడు. పడిపోయాడు. ‘కదలకు, మనుషుల్ని తెస్తా’ అని కేకేశాను. పలకలేదు. పోయాడనుకున్నాను. కిందికొచ్చాక... పేపర్లో పేరొస్తుందని భయమేసింది.”

“ఆయన కొండ మీద పడుంటే నీళ్ళల్లో వెతికిస్తావా, నువ్వు మనిషివేనా?” హెర్మీన అరిచింది.

నోట్‌బుర్గా అప్పటికే వైర్‌లెస్ అందుకుంది. “నది వదిలెయ్యండి. గైస్‌కోగెల్, పాత గని దారి. పరిగెత్తండి!”

మబ్బులో హెలికాప్టరు ఎగరదు. మనుషులే ఎక్కాలి. కాసేపటికి మంచు మొదలైంది. హెర్మీన కూర్చోలేదు, నిలబడలేదు. గది ఆ గోడ నుంచి ఈ గోడకు నడుస్తూనే ఉంది.

ఎనిమిదింటికి వైర్‌లెస్ పలికింది. దొరికాడు. కాలు విరిగింది. ప్రాణం ఉంది.

హెర్మీన నేల మీద కూలబడి భోరుమంది.

“నా గురించి... ఏమైనా అన్నాడా?” వెసెలి మెల్లగా అడిగాడు.

నోట్‌బుర్గా వైర్‌లెస్‌లో కనుక్కుంది. చాలాసేపు వింది. తర్వాత ఆయన వైపు తిరిగింది.

“మీ కేక విన్నాట్ట. పక్కటెముకలు విరిగి పలకలేకపోయాడు. పాక్కుంటూ దారి మీదికి రాగలిగేవాడేనట. మీరు మనుషుల్ని తీసుకొచ్చేసరికి తను అక్కడ లేకపోతే వెతుక్కుంటారని, కదలకుండా ఉండిపోయాడు.”