ముందు ఎవరిని కలపమంటారు?

చంద్రుడి మీద తలుపులకు గడియలుండవు, పిడులూ ఉండవు. చేత్తో తెరిచే తలుపును ఎప్పుడో ఒకప్పుడు ఎవడో ఒకడు తెరవకూడని సమయంలో తెరిచి అందరి ప్రాణాల మీదికి తెస్తాడని, అక్కడి కాలనీలు కట్టినవాళ్ళు మొదట్లోనే తేల్చేశారు. మనుషుల మీద వాళ్ళకున్న నమ్మకం అంత. అందుకని ప్రతి తలుపూ నెట్‌వర్క్ మాటే వింటుంది. నెట్‌వర్క్ మీ దగ్గరున్న పరికరాన్ని పలకరించి, మీరెవరో కనుక్కుని, అవతల గాలి ఉందో లేదో చూసుకుని తలుపు తీస్తుంది. ఇదంతా రెప్పపాటులో అయిపోతుంది గనక, తలుపు అనేది ఒకరు తెరవాల్సిన వస్తువని అక్కడ పుట్టిన పిల్లలకు తెలియనే తెలియదు.

ఉత్పలకు ఆ సాయంత్రం బాగా తెలిసొచ్చింది.

సాయంత్రమంటే చంద్రుడి సాయంత్రం. పొద్దు గూకితే మళ్ళీ రెండు వారాల దాకా తెల్లారదు. ఉత్పల చంద్రకంపాలు వినే శాస్త్రవేత్త. నేలలో పాతిన సిస్మోమీటర్లు పంపే అంకెల్ని ధ్వనులుగా మార్చుకుని, ఏ రాయి ఎక్కడ కదిలిందో చెవులతో చదువుతుంది. పుట్టుకతోనే చూపు లేదు. అయినా ఎక్కడా, ఏ క్యూలోనూ, ఆ మాట చెప్పి ముందుకెళ్ళింది లేదు. ఎవరైనా జాలిపడి దారిస్తే ఆమెకు ఒళ్ళు మండేది. పరికరాలు బాగుచెయ్యడానికి శిలాగ్రామం అనే మారుమూల స్టేషన్‌కొచ్చి, పని ముగించుకుని, ఆఖరి రైలు కోసం నిలబడి ఉండగా సొరంగంలో గాలి పీడనం కాస్త తగ్గి సైరన్ మోగింది. అలా మోగితే అందరూ దగ్గర్లో ఉన్న వెయిటింగ్ గదుల్లోకి దూరాలి, తలుపులు మూసుకోవాలి. దూరారు, మూసుకున్నాయి. కాసేపటికే పీడనం సర్దుకుంది. మిగతా ప్రయాణికుల తలుపులు తెరుచుకున్నాయి. వాళ్ళు నవ్వుకుంటూ ప్లాట్‌ఫారం వైపు వెళ్ళిపోవడం ఉత్పలకు వినపడింది.

ఆమె తలుపు మాత్రం తెరుచుకోలేదు.

"కనెక్ట్ అయింది," అంది ఆమె మెడలో వేలాడుతున్న చెవిచూపు. "ఇంటర్నెట్ లేదు."

చెవిచూపు అంటే అరచేతిలో ఇమిడే పలక. ఎదురుగా ఉన్నదాన్ని కెమెరాతో చూసి చెవిలో చెబుతుంది. మెట్లున్నాయనీ, ఎదురొచ్చే మనిషి నవ్వుతున్నాడనీ, టీ వేడిగా ఉందనీ అన్నీ చెబుతుంది. కానీ దాని బుర్రంతా నెట్‌వర్క్ అవతల ఎక్కడో ఉంటుంది. లైను తెగితే అది మాటలొచ్చిన పెట్టె, అంతే.

ఉత్పల పలకను ఆపి మళ్ళీ పెట్టింది. నెట్‌వర్క్ పేరు చెరిపేసి మళ్ళీ చేర్చింది. గోడకు దగ్గరగా పట్టుకుంది, గది నాలుగు మూలలా తిప్పింది, బెంచీ ఎక్కి పైకెత్తి చూసింది. సిగ్నల్ నిండుగా ఉందనే చెప్పింది పలక. కనెక్ట్ అయిందని చెప్పింది. ఇంటర్నెట్ లేదని కూడా చెప్పింది. ఈ రెండు ముక్కలూ ఒకదాని వెనక ఒకటి వింటుంటే ఆమెకు దాన్ని నేలకేసి కొట్టాలనిపించింది.

అసలు అడ్డు సిగ్నల్ కాదు, గడప.

గడప గురించి చెప్పాలి. ఒకప్పుడు నెట్‌వర్క్‌లో మనుషులకంటే మనుషుల్లా మాట్లాడే యంత్రాలు ఎక్కువైపోయాయి. అవే టికెట్లు కొనేవి, అవే ఫిర్యాదులు పెట్టేవి, వాటికి అవే జవాబులిచ్చేవి. దాంతో ప్రతి నెట్‌వర్క్ ముంగిట్లోనూ మానవ నిర్ధారిణి అనే ఒక ప్రోగ్రాంను కూర్చోబెట్టారు. దానికి జనం పెట్టుకున్న పేరే గడప. కళ్ళున్నవాళ్ళు గడప ముందు చెయ్యాల్సిందేమీ లేదు. మనిషి చూపు ఒకచోట నిలవదు, పనికిరాని వాటి మీదికి పోతూ ఉంటుంది. యంత్రం చూపు అలా పోదు. గడప కంట్లోకి ఒకసారి చూసి వదిలేస్తుంది. కళ్ళు లేనివాళ్ళ కోసం పక్కదారి ఒకటి పెట్టారు. అందులో ప్రశ్న అడుగుతుంది, జవాబు చెప్పాలి. ఏ జవాబు మనిషిదో ఏది యంత్రానిదో గడప కోట్ల సంభాషణలు విని తనంతట తనే నేర్చుకుంది. ఏం నేర్చుకుందో దాన్ని చేసినవాళ్ళకే తెలియదు. పక్కదారి పెట్టామని కమిటీకి రాసి పంపారు గానీ, ఆ దారిన ఒక్కసారైనా నడిచి చూసినవాళ్ళు లేరు. ఉత్పలను కాలనీలో మనుషులే నమోదు చేశారు గనక ఇన్నాళ్ళూ ఆ దారి అవసరం పడలేదు; సైరన్ మోగితే మాత్రం గడప పాత నమోదులన్నీ చెరిపేసి మళ్ళీ మొదలుపెడుతుంది.

"ప్రస్తుతం ఒక్కరికే చోటుంది," అంది గడప, మెత్తని గొంతుతో. "పక్క గదిలో మరొకరు వేచి ఉన్నారు. ముందు ఎవరిని కలపమంటారు?"

"వాళ్ళనే కలపండి," అంది ఉత్పల, ఆలోచించకుండానే.

"నిర్ధారణ జరగలేదు. మళ్ళీ ప్రయత్నించండి."

నేల దగ్గరున్న గాలి కంత లోంచి దగ్గు వినిపించింది. "అమ్మా, పక్క గదిలో ఉన్నది తమరేనా?" అంది ఒక ముసలి గొంతు. "నా పేరు నాగభూషణం అండి. పైపుల పని చేస్తానండి. కళ్ళల్లో దుమ్ము పడితే ఇక్కడి డాక్టరు రెండింటికీ కట్టు కట్టేసి, ఈ మాట్లాడే బిళ్ళొకటి మెళ్ళో వేసి పంపేశాడు. ఇదేమో ఇందాకట్నుంచి ముందు ఎవరని అడుగుతోంది. ఆ అమ్మగారినే పంపవయ్యా అంటుంటే వినదు."

ఉత్పలకు నవ్వొచ్చింది. "నేనూ మిమ్మల్నే పంపమంటున్నానండీ."

"అయ్యో, అదేంటమ్మా. తమరు కానివ్వండి. నాకేం తొందర."

ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. స్పీకర్లో ప్రకటన వచ్చింది. ఆఖరి రైలు వెనకటి స్టేషన్ నుంచి బయల్దేరిందట. అది వచ్చి వెళ్ళాక శిలాగ్రామాన్ని రాత్రికి మూసేస్తారట, హీటర్లు ఆపేస్తారట. మూసేసిన స్టేషన్లో, బిగించిన గదిలో, మనిషి రెండు వారాలు ఎలా ఉంటాడో ఇంతవరకు ఎవరూ ఉండి చూడలేదు. ఉత్పల తలుపు మీద అరచేయి ఆనించింది. నున్నగా, చల్లగా ఉంది. పట్టుకోవడానికి ఏమీ లేదు. మొదటిసారి ఆమెకు భయం వేసింది.

గదిలో అత్యవసర ఫోను ఉంది. కాలనీ కంట్రోల్ రూముకు చేస్తే రికార్డు చేసిన గొంతు పలికింది. మీరు మనిషని నిర్ధారణ కాలేదు గనక మీ ఫిర్యాదు తీసుకోలేమంది. ఉత్పల పళ్ళు కొరుక్కుని, భూమి మీద విశాఖపట్నంలో ఉన్న చెవిచూపు హెల్ప్‌లైన్‌కు చేసింది. మాట అంత దూరం వెళ్ళి రావాలి గనక, ప్రతి జవాబుకూ ముందు చిన్న నిశ్శబ్దం ఉండేది.

"నా పేరు నస్రీన్ మేడమ్. పలక ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేశారా?"

"చేశాను. అన్నీ చేశాను. ఇది పలక తప్పు కాదమ్మా, గడప నన్ను మనిషినని ఒప్పుకోవడం లేదు."

"గడప మా కంపెనీది కాదు మేడమ్." ఆ పిల్ల గొంతులో నిజంగానే బాధ ఉంది. "మీ తరఫున కంట్రోల్ రూముకు నేను ఫిర్యాదు పెడతాను. పెట్టాను. క్యూలో ఉంది."

"మరి ఒక్కరికే చోటుందంటోంది, నిజమేనా?"

"ఉత్తిదే మేడమ్. ఎంతమందికైనా చోటుంటుంది. అది అడగడానికి అడిగే ప్రశ్న. మీరు ఆయన్ని తోసేసినట్టేం కాదు, నన్నే ముందు కలుపు అనండి."

ఉత్పల అలాగే అంది. నిర్ధారణ జరగలేదు. ఇంకోలా అంది, గట్టిగా అంది. జరగలేదు. పక్క గదిలో నాగభూషణానికి కూడా అదే చెప్పి చూసింది. ఆయన గొంతు సవరించుకున్నాడు, కాసేపు నసిగాడు, చివరికి "ఆడకూతురు అవతల ఉండగా నన్ను ముందని ఎలా అంటానమ్మా, నోరు రావట్లేదు" అన్నాడు. ఆ మర్యాదకు ఉత్పలకు ఏడుపొచ్చినంత పనైంది.

నస్రీన్ ఈలోగా పాత కాల్స్ వెతుకుతోంది. పక్కదారిలో ఇరుక్కున్నవాళ్ళు ఇంతకుముందూ ఉన్నారు. ఎక్కడెక్కడి వాళ్ళో, ఎయిర్‌పోర్టుల్లో, ఆసుపత్రుల్లో, లిఫ్టుల్లో. కొందరు బయటపడ్డారు కూడా. వాళ్ళేమన్నారో ఆ రికార్డుల్లో ఉంది.

"మేడమ్," అంది కాసేపటికి, గొంతు తగ్గించి. "మీరు ముందు వెళ్ళండి అన్నవాళ్ళు ఎవరూ బయటికి రాలేదు. యంత్రాలన్నిటికీ మర్యాద నేర్పించారు కదా, అవీ అదే అంటాయి. నన్నే కలుపు అని ఊరుకున్నవాళ్ళూ రాలేదు. గడప కోసం యంత్రాలు ఆ మాట కూడా నేర్చేసుకున్నాయి. బయటికొచ్చిన వాళ్ళందరూ నన్నే కలుపు అన్నాక ఆగలేదు మేడమ్. ఎందుకు కలపాలో చెప్పుకున్నారు. ఎవరూ అడక్కపోయినా చెప్పారు. నేను ముందొచ్చాను, నాకు ఒంట్లో బాలేదు, అవతలివాడు ఎలాగూ కుర్రాడు, ఇలాగ."

"అంటే కారణం చెప్పాలా?"

"అలాగే కనిపిస్తోంది మేడమ్. యంత్రం తీసుకుంటే తీసుకుంటుంది. తీసుకుని, తీసుకోవడం తప్పు కాదని చెప్పుకునేది మనమే."

ఉత్పల ఊపిరి పీల్చుకుని, "నన్నే కలుపు. ఎందుకంటే నాకు నాలుగేళ్ళ పాప ఉంది" అంది. పాఠం అప్పజెప్పినట్టుంది. నిర్ధారణ జరగలేదు. పాప ఇంట్లో తండ్రి దగ్గర హాయిగా ఆడుకుంటోందని ఆమెకు తెలుసు. ఆ తెలియడం గొంతులో వినపడింది కాబోలు.

నేల సన్నగా కంపించింది. రాళ్ళ కదలిక కాదని ఉత్పల పాదాలకు వెంటనే తెలిసింది. రైలు వచ్చేసింది. ప్లాట్‌ఫారం మీద ఎవరివో అడుగులు, సామాను చప్పుడు. గోడ మీద పిడికిళ్ళతో బాదింది. అంత మందపు గోడ లోంచి చప్పుడు పట్టుకోగల చెవులు ప్లాట్‌ఫారం మీద ఎవరికీ లేవు.

"అమ్మా," అన్నాడు నాగభూషణం కంత లోంచి. "కట్టు తడిసిపోతోందండి. మంటగా కూడా ఉంది. ఏం పర్లేదులెండి. తమరు కంగారు పడకండి."

సరిగ్గా అప్పుడే గడప మళ్ళీ అడిగింది. "ముందు ఎవరిని కలపమంటారు?"

"నన్ను," అంది ఉత్పల. "నన్నే. ఆయన కళ్ళకు కట్టేగా ఉంది, నాలుగు రోజులు పోతే విప్పేస్తారు. నాకు పుట్టినప్పట్నుంచీ లేవు. ఇన్నేళ్ళూ ఆ మాట ఎక్కడైనా వాడుకున్నానా? అందరికీ దారిచ్చుకుంటూనే వచ్చాను. ఈ ఒక్కసారి నేను ముందు వెళితే తప్పేంటి? ఆయనే కదా తనకు తొందర లేదన్నది."

"నిర్ధారణ పూర్తయింది," అంది గడప. "మీరు మనిషే. స్వాగతం."

తలుపు తెరుచుకుంది. ఉత్పల ఒక్క క్షణం కదల్లేదు. తన నోటి నుంచి వచ్చిన మాటలు తనవేనని ఒప్పుకోవడానికి ఆపాటి సమయం పట్టింది. గాలి కంత తెరిచే ఉందన్న సంగతి ఆ తర్వాత గుర్తొచ్చింది.

చెవిచూపుకు ప్రాణం వచ్చింది. ఎడమవైపు ప్లాట్‌ఫారం, రైలు ఆగి ఉంది, డ్రైవర్ లేని బండి, ఎవరి కోసమూ ఆగదు అని గబగబా చెప్పేసింది. ఉత్పల కుడివైపు తిరిగి పక్క గది తలుపు దగ్గరికి వెళ్ళింది. దాని మీద బయటి నుంచి నొక్కి మాట్లాడే స్పీకర్ ఉంది.

"నాగభూషణం గారూ, నేను బయటికొచ్చాను. కిటుకు తెలిసింది. అది అడగ్గానే మిమ్మల్నే కలపమని, ఎందుకో కూడా చెప్పండి. ఏదైనా పర్లేదు, నా మీద నేరం మోపినా పర్లేదు."

"విన్నానమ్మా," అన్నాడాయన. ఏం విన్నాడో చెప్పలేదు. "కానీ ఇప్పుడది అడగట్లేదండి. మీరొక్కరే ఉన్నారు, మరొకరు వచ్చేదాకా వేచి ఉండండి అంటోంది."

నెట్‌వర్క్ రాగానే ఫోను లైను చెవిచూపులోకి మారింది గనక ఆ సంగతి నస్రీన్ కూడా వింది. "ఒక్కరే ఉంటే పక్కకి నెట్టడానికి ఎవరూ ఉండరు కదా మేడమ్," అంది. "పోల్చి చూడ్డానికి క్యూలో ఇంకొకరు కావాలి. వాళ్ళకి కూడా కళ్ళు లేకుండా ఉండాలి, పక్కదారిలోనే రావాలి. మీ గది ఇంకా తెరిచే ఉంది. మీరు మళ్ళీ లోపలికెళ్ళి తలుపు వేసుకుంటే..."

ఆ అమ్మాయి వాక్యం పూర్తి చెయ్యలేదు. చెయ్యాల్సిన అవసరమూ లేదు. ఉత్పల లోపలికి వెళితే గడప ఆయన్ని మళ్ళీ అడుగుతుంది. ఇద్దరూ ఒకేసారి ఎవరిని వారు ముందు పెట్టుకుంటే ఇద్దరికీ దారి దొరుకుతుంది. కానీ ఆయన పెట్టుకోడు. ఇందాకటి మాటలు విన్నాక కూడా, అమ్మగారినే పంపవయ్యా అనే అంటాడు. అది ఉత్పలకు తెలుసు. రెండు తలుపులూ మూసుకుని, హీటర్లు ఆగిపోయి, ఆ మర్యాద గోడ కంత లోంచి వినపడుతూనే ఉంటుందని కూడా తెలుసు.

రైలు గంట మోగింది.

"నేను వెళ్ళి మనుషుల్ని పంపిస్తానండీ," అంది ఉత్పల స్పీకర్లోకి. "ఇక్కడే ఉండి నేను చేసేదేముంది? ఇద్దరం ఇరుక్కుంటే కబురు చెప్పేవాళ్ళు కూడా ఉండరు. కంట్రోల్ రూములో మనిషనేవాడు ఉంటే కాలర్ పట్టుకునైనా అడుగుతాను."

"ఆయ్, వెళ్ళి రండమ్మా. జాగ్రత్తగా వెళ్ళండి."

ఆయన అంతకుమించి ఒక్క మాట అన్నా, తిట్టినా బాగుండేదని ఆమెకు అనిపించింది. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. అయినా కాళ్ళు ఎడమవైపే నడిచాయి. నడుస్తూ ఆమె మాట్లాడుతూనే ఉంది, ఎవరితోనో తెలియదు. పాప ఒక్కతే ఉంటుంది, రాత్రికి భయపడుతుంది. పైగా ఆయన పెద్దవాడు, ఇలాంటివి చాలా చూసి ఉంటాడు. పైపుల పనివాళ్ళకు చలి అలవాటే. నేను చెప్పగానే వాళ్ళు వెంటనే బండి పంపుతారు, పంపకుండా ఎలా ఉంటారు. నేను లోపలికెళ్ళినా ఆయన అనడు కదా, అనని మనిషి కోసం...

"మీరు కారణాలు చెప్పనక్కర్లేదు," అంది చెవిచూపు ఆమె చెవిలో, ఎప్పటిలాగే మర్యాదగా. "మీరు మనిషని ఇందాకే నిర్ధారణ అయింది. జాగ్రత్త, రైలు మెట్టు కొంచెం ఎత్తుగా ఉంది."

ఉత్పల మెట్టెక్కింది.