కుంటి దొర గీసిన గీత

సీతాఫల్‌మండి వెనక గుండ్ల గుట్ట మీద, భూమి కదలికల్ని కనిపెట్టే పాత కేంద్రం ఒకటుంది. బండను తొలిచి కట్టిన గది. లోపల కాగితం చుట్టిన డ్రమ్ము తిరుగుతుంటుంది, దాని మీద సూది గీత గీస్తుంటుంది. పగలు బడిపిల్లలొచ్చి చూసిపోతారు. పొద్దు గూకితే మాత్రం కాపలా బిక్షం కూడా అటు పోడు.

ఎందుకంటే, ఎప్పుడో అక్కడ పనిచేసి అక్కడే ప్రాణం వదిలిన కుంటి దొర ఒకడున్నాడట. చీకటి పడ్డాక గుట్టంతా తిరుగుతాడట. కంటికి కనపడడు, చెవికి వినపడడు — అతని అడుగుల అదురు సూదికి మాత్రం తెలుస్తుందట. ఒక పెద్ద గీత... ఒక చిన్న గీత... ఒక పెద్ద గీత...

అలాంటి చోటికి మా చర్చి బ్యూలా చీకట్లో ఎందుకు పోయిందంటారా? కడుపుమంట. ఇంకేం లేదు.

ఆమె తోటికోడలు జెనిఫర్ టీచరు. దసరా సెలవుల్లో స్కూలువాళ్ళు ఇండోనేషియా పంపిస్తే అగ్నిపర్వతం చూసొచ్చింది. దాన్ని రాత్రింబవళ్ళు కాపు కాసే కేంద్రం, చుట్టూ నల్లటి ఇసుక, మాడిపోయిన చెట్లు, గంధకం వాసన... వచ్చినప్పట్నుంచీ ఇంట్లో ఇదే పాట. అక్కడి వాలులో జారి మడమ బెణికించుకుంది కదా, ఆ కుంటడం కూడా ఊరంతా చూపించుకు తిరుగుతోంది.

అదంతా బ్యూలా పంటిబిగువున ఓర్చుకుంది. కానీ ఏళ్ల తరబడి క్రిస్మస్ రాత్రి సండే స్కూలు పిల్లలకి కథ చెప్పేది బ్యూలాయే. ఈసారి పాస్టరమ్మ మైకు జెనిఫర్‌కి ఇస్తానంది. అగ్నిపర్వతం కదా, పిల్లలకి కొత్తగా ఉంటుందట!

బ్యూలా కళ్ళల్లో నిప్పులు పోసుకుంది. అగ్నిపర్వతాన్ని మించిన కథ కావాలి... కళ్ళారా చూసిన కథ. అది దొరికితే మైకు మళ్ళీ తనదే. ఆ సాయంత్రం కారల్స్ ప్రాక్టీసు ఎగ్గొట్టి గుట్టెక్కింది.

"బిక్షమన్నా, తాళం ఇయ్యి. జెర చూసి వస్త."

"వద్దమ్మా. దొర తిరిగే యాళ్ల."

"నాకు మా దేవుడున్నడు."

"ఉంటే ఆయన్నే తోల్కపో. నేనైతే గేటు దాటి రాను," అని బిక్షం తాళంచెవి చేతిలో పెట్టాడు.

లోపలికెళ్ళి తలుపు మూసిందో లేదో, ఊరు మాయమైపోయింది. రైలు కూత లేదు, ఆటో హారన్ లేదు. ఒక్క ఎర్ర బల్బు. సూది తిన్నగా, బుద్ధిగా గీత గీసుకుంటోంది.

"దొరా లేడు, గిరా లేడు," అనుకుని నవ్వుకుంది.

అప్పుడు కదిలింది సూది.

పెద్ద గీత... చిన్న గీత... పెద్ద గీత...

తన అడుగులేమోనని బ్యూలా కొయ్యబారి నిలబడింది. ఊపిరి బిగబట్టింది. సూది ఆగలేదు. చప్పుడు లేదు, గీతలు మాత్రం పెరుగుతున్నాయి — ఏదో దగ్గరికొస్తోంది. ప్రార్థన చేసుకుందామంటే మొదటి మాటే గుర్తు రాలేదు.

ఠక్కున సూది ఆగింది. సరిగ్గా తలుపు అవతల...

తలుపు కిర్రుమంది.

"అక్కా!"

చేతిలో ఫోను వెలుగు, ఒక కాలు ఎత్తి పట్టుకుని — జెనిఫర్!

బ్యూలాకి ముందు ప్రాణం లేచొచ్చింది, వెంటనే ఒళ్ళు మండిపోయింది. "నువ్వా! ఈడ సుత నన్ను వదలవా?"

"నువ్వు గుట్టెక్కుడు చూసిన. ఒక్కదానివే చూసొస్తవంటే ఇంట్ల కూసోబుద్ధి కాలేదక్కా."

"అంత పెద్ద అగ్నిపర్వతం చూసొచ్చినవు. ఇంకేం కావాలె నీకు?"

జెనిఫర్ మెట్టు మీద కూలబడింది. "నిన్న పిల్లలకు అదే చెప్పిన. జెర సేపటికే ఆవులింతలు షురూ. బ్యూలా ఆంటీ కథ ఎప్పుడని అడిగిన్రు. నాకెంత మండిందో తెలుసా? కొండెక్కి కాలు బెణికించుకుంది నేను... అడిగేది నిన్నా!"

బ్యూలా కడుపు చల్లబడింది. రెండు నెలల మంట ఆ ఒక్క మాటతో ఆరిపోయింది. పక్కన కూర్చుని, ఆ బెణికిన కాలు ఒళ్ళో పెట్టుకుని నిమిరింది. చాన్నాళ్ళకి ఇద్దరూ కలిసి నవ్వుకున్నారు.

నవ్వు మధ్యలోనే ఆగింది. ఇద్దరి చూపూ డ్రమ్ము మీద పడింది.

పెద్ద గీత... చిన్న గీత... పెద్ద గీత...

జెనిఫర్ కాలు ఇంకా బ్యూలా ఒళ్ళోనే ఉంది.

గేటు దాకా ఎలా వచ్చిపడ్డారో వాళ్ళకే తెలీదు. బిక్షం కుర్చీలో దుప్పటి ముసుగేసి గురక పెడుతున్నాడు.

క్రిస్మస్ రాత్రి మైకు ఒకరి చేతిలోంచి ఒకరు లాక్కుంటూ ఈ కథ చెప్పారు. పిల్లలు కిక్కురుమంటే ఒట్టు. తర్వాత నాకు విడివిడిగా కూడా చెప్పారు. అన్నీ అచ్చు గుద్దినట్టు కలిశాయి, ఒక్క ముక్క తప్ప. ఆ ఆఖరి గీతని ముందు చూసింది తానేనని, ఇద్దరూ బైబిలు మీద చెయ్యేసి మరీ చెప్పారు.